లెక్కల మాస్టారి బీరువాకి నా తాళం

ఆ రోజుల్లో ఉద్యోగంలో చేరిన మనిషికి మొదట ఏ వస్తువు ఇస్తారో చూసి, వాడి జీవితం ఎలా గడవబోతుందో చెప్పేయవచ్చునని నాకొక నమ్మకం ఉండేది. బ్యాంకులో చేరినవాడికి రబ్బరు స్టాంపు ఇచ్చేవారు. బడిలో చేరినవాడికి చాక్‌పీసు ఇచ్చేవారు. నాకు తాళం ఇచ్చారు. ఇత్తడిది, అరచేతిలో నిండుగా పట్టేది, వెనక నా నంబరు చెక్కి ఉన్నది, ఒకే ఒక్క తాళంచెవి ఉన్నది. నేను ఏ సంగతి రాసినా ముందు ఆ ఏటి డైరీ తీసి తేదీ, వారం సరిచూసుకుని రాసే అలవాటున్నవాణ్ణి. ఇది మాత్రం డైరీ చూడకుండా రాస్తున్నాను. అందుకు కారణం ఉంది, అది చివర్లో మనవి చేస్తాను. కాబట్టి తేదీలు అడగవద్దు. ఎనభైల మొదట్లో అనుకోండి, చాలు.

మాది గోదావరి జిల్లా. చదువు అవగానే విశాఖపట్నంలో ఓడరేవు క్రేన్లు మరమ్మతు చేసే చిన్న కంపెనీలో జూనియర్ ఇంజనీరుగా చేరి, మల్కాపురంలో ఒక గది తీసుకున్నాను. మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. క్రేను ఎక్కేముందు కిందనున్న మెయిన్ స్విచ్ ఆపి, ఎవరి తాళం వారు దానికి వేసి, పక్కన ఒక ఎర్ర అట్ట తగిలించి ఎక్కాలి. అట్ట మీద ‘ప్రమాదం. మనుషులు పనిలో ఉన్నారు’ అని అచ్చువేసి ఉంటుంది. కింద పేరు, చేసే పని రాయడానికి ఖాళీ. తాళంచెవి జేబులో పెట్టుకుని ఎక్కాలి. పని ముగించి దిగాక, వేసినవాడే తీయాలి, మరొకరు ముట్టుకోకూడదు. మనం పైన ఉండగా కింద ఎవరైనా మరిచిపోయి స్విచ్ వేస్తే మనం ఇంటికి వెళ్లే పద్ధతి మారిపోతుంది కనుక ఈ ఏర్పాటు. తాళం లేనివాడు క్రేను ఎక్కడానికి లేదు. తాళం పోగొట్టుకున్నవాడి సంగతి అడగక్కరలేదు.

ఈ పాఠం నాకు నేర్పింది మా ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. ఆయన ప్రతి మగవాణ్ణీ బావా అనే పిలిచేవాడు గనుక మేమందరం ఆయన్ని బావ అనేవాళ్లం. (మేనేజరు ఎదుట నన్ను సార్ అనేవాడు, మేనేజరు వెనుదిరగగానే మళ్లీ బావా అనేవాడు. ఆ మార్పు ఎంత నునుపుగా జరిగేదంటే ఒకే వాక్యంలో రెండూ వచ్చేవి.) మా మేనేజరు గొంతు గేటు దాటి రోడ్డు మీదికి వినబడేది. ఆయన్ని మేం సైరన్ గారు అనుకునేవాళ్లం.

ఒక బుధవారం సైరన్ గారు నన్ను పిలిచి, దగ్గర్లో ఉన్న ఒక బడి వాళ్లు ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంజనీరు ఉద్యోగం అంటే ఏమిటో చెప్పడానికి ఎవరినైనా పంపమన్నారనీ, శుక్రవారం నేను వెళ్లాలనీ అన్నారు. నేనే ఎందుకని అడిగితే, “అందరికంటే చిన్నవాడివి, బడి ఎలా ఉంటుందో నీకే గుర్తుంటుంది” అన్నారు. “ఏం చెప్పమంటారండీ?” అన్నాను. “ఇంజనీరంటే ఏమిటో చెప్పు.” “ఏమిటని చెప్పమంటారండీ?” ఆయన ముందున్న ఫైలు మూసి, “సోమవారం క్రేను షట్‌డౌన్ ఉంది. అది నీ చేతిమీద జరగాలి. అది సవ్యంగా జరిగితే నీ ఉద్యోగం పర్మనెంట్ కాగితం మీద సంతకం పెడతాను. అప్పుడు నీకే తెలుస్తుంది ఇంజనీరంటే ఏమిటో” అన్నారు. నేను చేరి ఏడాది కావస్తోంది. ఆ కాగితం కోసం మా ఇంట్లో నాకంటే ఎక్కువ ఎదురుచూస్తున్నారు.

ఉపన్యాసానికి నేను తయారైనంతగా మా కాలేజీలో పరీక్షలకు కూడా తయారు కాలేదు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, ఓడల నిర్మాణం అని ఐదు శాఖలు. ఒక్కొక్క శాఖకు ఒక రంగు పెన్సిలు. పెద్ద చార్టు గీసి, గదిలో అద్దం ముందు నిలబడి మూడు రాత్రులు, కాదు, రెండే, బుధ, గురువారాలు అభ్యాసం చేశాను. (చూశారా, డైరీ లేకపోతే మనిషి ఎలా తప్పులు రాస్తాడో.)

బడి మల్కాపురం దాటాక ఉండేది. రేకుల షెడ్డులో రెండు తరగతుల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టారు. సగం మంది రిఫైనరీలోనూ పోర్టులోనూ పనిచేసేవాళ్ల పిల్లలు, మిగతావాళ్లు సముద్రం మీదికి వెళ్లేవాళ్ల పిల్లలు. హెడ్మాస్టరు గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. వెనక గోడ దగ్గర లెక్కల మాస్టారు, ఒళ్లో అడ్డంగా బెత్తంతో. నేను చార్టు విప్పి సివిల్ శాఖ మొదలుపెట్టాను. మెకానికల్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వింటున్నారు. కెమికల్ దగ్గరికి వచ్చేసరికి నేనూ ఆ కాకినే వింటున్నాను. ఏమైనా సందేహాలున్నాయా అంటే ఒక కుర్రాడు లేచి, “ఇంజనీరయితే జీపు ఇత్తారేటి సార్?” అన్నాడు. నాకింకా సైకిలే అన్నాను. కూర్చున్నాడు. ఆ సందేహం అంతటితో తీరిపోయింది. పెద్దయ్యాక ఎవరెవరు ఇంజనీర్లవుతారు, చేతులెత్తండి అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. వెనక లెక్కల మాస్టారు బెత్తం ఒళ్లోంచి తీసి కుర్చీ కాలికి ఆనించారు. అంతే, షెడ్డంతా చేతులు. ఒక దేశానికి ఒక్క క్షణంలో అంతమంది ఇంజనీర్లు దొరకడం నేను మళ్లీ చూడలేదు.

ఈ పరువు ఎలా దక్కించుకోవాలో తెలియక సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి తాళం తగిలింది. దాంతోపాటు ఎర్ర అట్ట. ముందుబెంచీలో ఒక అమ్మాయి, చిక్కటి నూనె రాసి బిగించిన జడలు, మోచేతి మీద ఇంకు మరక, మొదట్నుంచీ నన్ను కాకుండా నా సంచినే చూస్తోంది. ఆమెను లేపి ఫిట్టరు అన్నాను. బెంచీని క్రేను అన్నాను. జీపు అడిగిన కుర్రాణ్ణి కింద స్విచ్చు దగ్గర నిలబెట్టాను. తాళం లేకుండా ఆమెను బెంచీ కిందికి దూరమన్నాను. కుర్రాడు స్విచ్ వేశాడు. ముందు చెయ్యి పోయింది, ఆ వెనకే ఫిట్టరు చచ్చిపోయింది అన్నాను. కాకి సంగతి అందరూ మరిచిపోయారు. రెండోసారి ఆమె చేత తాళం వేయించి, అట్ట తగిలించి, తాళంచెవి ఆమె చేతికే ఇచ్చి, ఇది నీ దగ్గరే ఉండాలి, పని అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకూడదు అన్నాను. కుర్రాడు ఎంత ప్రయత్నించినా స్విచ్ పడలేదు. (స్విచ్ అంటే కిటికీ గొళ్లెం. అయినా పడలేదు.)

అప్పుడా అమ్మాయి బెంచీ కిందనుంచే ప్రశ్నలు మొదలుపెట్టింది. “మేనేజరొచ్చి తియ్యమంతే సార్?” తీయకూడదన్నాను. “మేస్టారొచ్చినా?” మాస్టారొచ్చినా అన్నాను. “ఎడ్మాస్టరు గారొచ్చినా?” నేను హెడ్మాస్టరు గారి వైపు చూశాను. ఆయన చిరునవ్వుతో తల ఊపారు. ఆయనొచ్చినా అన్నాను. “ఏసినోడు తాళంసెవి పోగొట్టేసుకుంతే?” నాకు ఆ ప్రశ్న మా కంపెనీలో ఎవరూ వేయలేదు. “వాడు వెతుక్కోవాలి. దొరికేదాకా మిగతావాళ్లు ఆగాలి” అన్నాను. “ఆగకండా బద్దలుకొట్టేత్తే?” “కొట్టినవాడి ఉద్యోగం పోతుంది.” అప్పుడే గంట కొట్టారు. పిల్లలు లేచారు, షెడ్డు సగం దుమ్ము, సగం కేకలు. హెడ్మాస్టరు గారు భుజం మీద చెయ్యి వేసి టీకి తీసుకువెళ్లారు. బిస్కెట్లు కూడా పెట్టారు. ఉపన్యాసం ఫలించిందన్న తృప్తితో బస్సెక్కాను.

సాయంత్రం వర్క్‌షాపులో సంచి బోర్లిస్తే చార్టు వచ్చింది, ఐదు పెన్సిళ్లు వచ్చాయి, తాళం రాలేదు. బావ పక్కనే బీడీ ముట్టించుకుంటున్నాడు. “ఏటి బావా, అలా అయిపోనావు?” చెప్పాను. బీడీ ఆర్పేశాడు. (బావ సగం బీడీ ఆర్పడం అంటే సామాన్యం కాదు.) “సోమారం అందరం పైన ఉంతాం, నువ్వు కింద నిల్సుంతావు. సైరనుకి ఏటి సెప్తావు? తాళం ఏడో కలాసు పిల్లకిచ్చీసి బిస్కట్లు తిన్నానని సెప్తావేటి?” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని డైరీలో రాసుకున్నట్టు జ్ఞాపకం.

పొద్దున్నే బడి ప్యూను సైకిలు మీద వచ్చాడు. “పెద్ద మేస్టారు రమ్మన్నారు. తాళం మీదేనంట, బేగి రండి.” ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బావ తానూ వస్తానన్నాడు. సాక్షిగానా, సరదాకా అని అడగలేదు.

ఏడో తరగతి గదిలో మూల ఒక చెక్క బీరువా ఉంది. దాని గొళ్లేనికి నా తాళం వేలాడుతోంది. పక్కన ఎర్ర అట్ట. బీరువా ముందు లెక్కల మాస్టారు, ఆయన పక్కన హెడ్మాస్టరు గారు, వారి పక్కన ప్యూను, ప్యూను చేతిలో ఇనుము కోసే రంపం. “సూడండి సార్” అన్నారు లెక్కల మాస్టారు, “మిమ్మల్ని ఇంజనీరింగు సెప్పమన్నాం గానీ ఇదేటి? హాజరు పట్టీ లోపలుండిపోయింది. సాక్‌పీసులు లోపల. ఇవాళ బడికి ఎవరొచ్చారో రానేదో రాసుకోడానికి నేదు.” నేను దగ్గరికి వెళ్లి అట్ట చదివాను. ‘ప్రమాదం. మనుషులు పనిలో ఉన్నారు.’ కింద ఆ అమ్మాయి పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. చేసే పని అన్న చోట ‘భిన్నాలు’ అని రాసి ఉంది.

హెడ్మాస్టరు గారు మర్యాదస్తులు. “మీ తాళం కాబట్టి మీకు సెప్పకుండా కొయ్యకూడదని ఆపేను” అన్నారు. ప్యూను రంపం సరిచేసుకున్నాడు. కోసేస్తే బీరువా తెరుచుకుంటుంది, నా సోమవారం మూసుకుంటుంది. బావ ముందుకొచ్చి, “ఆగండి బాబూ, రూలు ఒప్పుకోదు. తాళం కోసినోడి ఉద్యోగం పోద్ది” అని ప్యూనుతో అన్నాడు. ప్యూను రంపాన్ని వెనక్కి పెట్టుకుని, తనకు తెలియదన్నట్టు కిటికీలోంచి చూడసాగాడు.

అమ్మాయిని పిలిచారు. చేతులు కట్టుకుని వచ్చి నిలబడింది. “ఎందుకు వేశావమ్మా?” అన్నాను. “మనుసులు పనిలో ఉన్నారు సార్.” “ఎవరు?” “మేమే. భిన్నాలు సేత్తన్నాం.” “దానికి బీరువా ఏం చేసింది?” “బీరువా ఏటీ సెయ్యదు సార్. లోపల బెత్తాలున్నాయి. నానొక లెక్క మద్దిలో ఉంతాను. మేస్టారు యెనకనుంచొచ్చి ఏసేత్తారు. పని మద్దిలో స్విచ్చేత్తే సెయ్యి పోద్దని మీరే సెప్పినారు.” వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరు గారు జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

“భిన్నాలు ఆరో కలాసులోనే అయిపోయేయి కదే” అన్నారు లెక్కల మాస్టారు. “మీకయిపోయేయి సార్, మాకు అవ్వనేదు” అంది.

పిల్లల్ని కొట్టడం తప్పా ఒప్పా అని నేనేదో గొప్పగా ఆలోచించానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆ రోజుల్లో బెత్తం లేని బడి ఉంటుందని నాకు తోచను కూడా లేదు. నా దృష్టంతా తాళం మీదే ఉంది. ఆ పిల్ల తనంతట తాను తీయాలి. తీయమని నేను గద్దిస్తే నిన్న చెప్పినదంతా అబద్ధమవుతుంది. బతిమాలితే బావ సోమవారం దాకా కూడా ఆగకుండా వర్క్‌షాపంతా చెప్పేస్తాడు. చివరికి మా పనిలో ఉన్న రెండో పద్ధతి గుర్తొచ్చింది. పని మిగిలి ఉండగానే తాళం తీయక తప్పకపోతే, ముందు ఆ యంత్రానికి వచ్చే కరెంటు తీగనే విప్పేసి అవతల పడేయాలి. అప్పుడు స్విచ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఈ మాట బీరువా వైపు చూపిస్తూ హెడ్మాస్టరు గారితో అన్నాను. ఆయన అర్థం చేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. లెక్కల మాస్టారికి వెంటనే అర్థమైంది.

“బెత్తం నేకండా లెక్కలేటి, మేస్టారూ? ఈళ్లకి భయం ఉండాలా వొద్దా?”

హెడ్మాస్టరు గారు జేబురుమాలు మడిచి లోపల పెట్టుకున్నారు. “మీరూ నిన్న వున్నారు కదా. ఎడ్మాస్టరొచ్చినా తియ్యకూడదంటే నాను తలూపేను. ఇంతమంది పిల్లలు సూసేరు. ఇప్పుడు కాదంటే నా తలకి విలువేటుంటాది?” అన్నారు.

ఆ మాటతో తేలిపోయింది. అమ్మాయి జామెట్రీ బాక్సు తెరిచి, రబ్బరు ముక్క కిందనుంచి తాళంచెవి తీసింది. తాళం తీసి నాకిచ్చింది గానీ చెవి ఇవ్వలేదు. బీరువాలోంచి బావ బెత్తాలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. సన్నవి, లావువి, చివర చీలినవి, పట్టుకునే చోట నల్లటి ఎలక్ట్రికల్ టేపు చుట్టినది ఒకటి. బావ ఆ టేపు వేలితో నొక్కి చూసి, “ఇన్సులేషన్ బాగుంది మేస్టారూ. కొట్టినోడికి ఏటీ తగలదు” అన్నాడు. లెక్కల మాస్టారు హాజరు పట్టీ తీసుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టారు. గొంతు ఎప్పటికంటే తగ్గించి పిలిచారని పిల్లలు తర్వాత చెప్పుకున్నారట.

“సెవి గేటు దాటాక ఇత్తాను సార్” అని అమ్మాయి మా వెంట వచ్చింది. విప్పేసిన తీగ దూరంగా వెళ్లిందని కళ్లారా చూసుకోవాలి కదా. బెత్తాల మోపు భుజాన వేసుకుని బావ గేటు దాటాడు. నేను దాటాను. ఆమె గేటు లోపలే నిలబడి చువ్వల మధ్యనుంచి చెవి అందించింది. “ఇంజనీరంటే ఇదేనేటి సార్?” అంది. “ఏది?” “తాళం.” నాకు ఐదు శాఖలు, ఐదు రంగులు కళ్ల ముందు తిరిగాయి. “ఇది కూడా” అన్నాను. “అయితే బాగానే ఉంది” అని వెళ్లిపోయింది. ఐదు శాఖల చార్టు చూసి ఆ మాట ఎవరూ అనలేదు.

తిరుగుదారిలో బస్సులో మా పక్క సీట్లు ఖాళీగా ఉన్నా ఒక్క పిల్లాడూ వచ్చి కూర్చోలేదు. బెత్తాలు బావ వర్క్‌షాపు మూల పడేశాడు. సోమవారం క్రేను చుట్టూ జనం రాకుండా ఎర్ర జెండాలు కట్టాల్సి వచ్చినప్పుడు, ఎప్పుడూ సరిపోని కర్రలు ఆ రోజు సరిపోయాయి. నా తాళం వేసి నేను పైకెక్కాను. పని బాగానే జరిగింది. దిగాక సైరన్ గారు ఆ జెండాల మధ్య తిరుగుతూ, “ఈ కర్రలెక్కడివి, నున్నగా ఉన్నాయి?” అన్నారు. “బడోళ్లిచ్చారు సార్” అన్నాడు బావ. ఆయన నా వైపు తిరిగి, “నిన్ను బడికి ఏదో ఇచ్చి రమ్మని పంపితే అక్కణ్ణుంచి తెచ్చావా?” అన్నారు, రోడ్డు మీదికి వినబడేలా. కాగితం మీద సంతకం మాత్రం పెట్టారు.

లెక్కల మాస్టారు ఆ తర్వాత చాలాకాలానికి గోపాలపట్నం సంతలో వంకాయలు ఏరుతూ కనిపించారు. నమస్కారం పెట్టి, కొత్త బెత్తాలు కొన్నారా అని అడగలేక, “భిన్నాలు ఎంతవరకొచ్చాయండీ?” అన్నాను. “అవ్వనేదు బాబూ” అన్నారు. “కొందామనే ఎల్లేను, రెండుసార్లు. కానీ ఆ బీరువా తలుపు మీద సెయ్యేత్తే సాలు, యెనకనుంచి కలాసంతా ‘పని అవ్వనేదు సార్’ అంటాది. సిరాకేసి మానీసేను.” వంకాయ ఒకటి తిప్పి చూసి, పుచ్చు ఉందని పక్కన పెట్టారు. “ఆ పిల్లకి మాత్రం వొచ్చేసేయి భిన్నాలు” అన్నారు. ఆమె పెద్దయ్యాక ఏమైందో నాకు తెలియదు. ఇంజనీరయిందని రాస్తే ఈ కథకు అందంగా ఉంటుంది గానీ, తెలియని సంగతి రాయడం నా అలవాటు కాదు.

నేను పదవీ విరమణ చేసిన రోజున శాలువాతోపాటు ఆ తాళం కూడా నాకే ఇచ్చేశారు. దాన్ని నా డైరీలున్న ట్రంకుపెట్టెకు వేసుకున్నాను. ఒకే చెవి గనుక చాలా భద్రమైన చోట పెట్టాను. ఎంత భద్రమైన చోటంటే, అది ఎక్కడో ఇప్పుడు నాకు కూడా తెలియడం లేదు. అందువల్లే ఇదంతా డైరీ చూడకుండా రాయాల్సి వచ్చింది. మా ఆవిడ రోజూ కాఫీ ఇస్తూ, “వీధి చివర వెల్డింగు షాపు కుర్రాణ్ణి పిలిస్తే నిమిషంలో కోసేస్తాడండీ, ఎందుకింత అవస్థ?” అంటుంది. వద్దంటాను. ఎందుకు వద్దో ఆమెకు పలుమార్లు చెప్పాను, నవ్వి వెళ్లిపోతుంది. తాళంచెవి పోగొట్టుకుంటే ఏమిటని బెంచీ కిందనుంచి అడిగిన ఆ ప్రశ్నకు, జవాబు తెలిసిన ధీమాతో తడుముకోకుండా చెప్పిన ఆ సన్నటి కుర్ర ఇంజనీరుని తలుచుకుని నేనూ నవ్వుకుంటాను. వాడు చెప్పినట్టే, మిగతావాళ్లందరూ ఆగి ఉన్నారు. నేను వెతుకుతున్నాను.